వదిన ఒంట్లో ఇనుము

నేను మొయినాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం చేతుల్లోంచి నెత్తురు తీసి, ఊదారంగు మూత ఉన్న ట్యూబుల్లో నింపి, మెషీన్‌లో పెట్టి, వచ్చిన అంకెల్ని కాగితం మీదికి ఎక్కించడం నా పని. తొమ్మిదేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఎందరు ఆడవాళ్ల హిమోగ్లోబిన్ చూశానో నాకే తెలియదు. మా ఇంట్లోనే ఉండి, నేను తినే రొట్టెలు చేసిపెట్టిన మా వదిన హిమోగ్లోబిన్ మాత్రం ఐదేళ్ల పాటు చూడలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. ఎవరి మీద కోపమని అడిగితే ఒక్కరిని చూపించలేను. చాలామంది మీద. వాళ్లలో నేనూ ఉన్నాను.

మాది చేవెళ్లకు దగ్గర్లోని చిన్న ఊరు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్నాం, చర్చికి పోయే కుటుంబం. అన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. బాపు పోయాక ఇంట్లో అమ్మ, అన్న, వదిన, ఆమెకు ఆడబిడ్డనైన నేను మిగిలాం. తర్వాత అన్నావదినలకు పాప పుట్టింది.

వదినది షాబాద్ వైపు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె పని చూస్తే నాకు కొంచెం బెదురుగా ఉండేది. నేను ఒక బిందె మోసేలోపు ఆమె నాలుగు మోసేది. టమాటా తెంపడానికి పోతే అందరికంటే ముందు సాలు దాటేది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, కూర్చోకుండానే జొన్నపిండి కలిపేది. అమ్మ చర్చి దగ్గర అందరికీ చెప్పుకునేది, "నా కోడలు ఇద్దరు మనుషుల పని చేస్తది" అని.

పాప పుట్టాక ఆ మనిషి కొంచెం కొంచెంగా మాయమైంది. మొదటి ఏడాది బాలింత కదా అనుకున్నాం. పాలు తాగే పిల్ల, నిద్ర ఉండదు అనుకున్నాం. రెండో ఏడు వచ్చింది. మూడో ఏడు వచ్చింది. వదిన మెట్లెక్కితే మధ్యలో ఆగేది. బట్టలు పిండుతూ గోడకు ఆనుకునేది. మధ్యాహ్నం ఎప్పుడు చూసినా చాప మీద ముడుచుకుని పడుకుని ఉండేది. మొహం తెల్లబడింది. "నీడపట్టున ఉండి రంగొచ్చింది" అంది అమ్మ. ఎండలో పనికి పోయే మనిషికి నీడపట్టు ఎక్కడిదని నేను అడగలేదు.

బలపాలు తినడం కూడా అప్పుడే మొదలైంది. పాపకు బడి ఈడు రాకముందే మా ఇంట్లోకి బలపాల డబ్బా వచ్చింది. వదిన కొంగు ముడిలో ఎప్పుడూ రెండు ముక్కలు ఉండేవి. వంటింట్లో బియ్యం డబ్బా మూత చప్పుడైతే అమ్మ వెంటనే పోయి చూసేది.

"మళ్ల బియ్యం బుక్కుతున్నవా? సిగ్గు లేదా నీకు? పిల్ల చూస్తే నేర్చుకోదా?"

"ఆగబుద్ధి అయితలేదు అత్తమ్మా" అనేది వదిన. నోట్లో ఉన్నది ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని, రొట్టెల పీట ముందు కూర్చునేది.

డిప్లొమా రెండో సంవత్సరంలో నాకు దీని మీద ప్రశ్న వచ్చింది. ఒంట్లో ఇనుము తక్కువైన మనిషికి మట్టి, సుద్ద, ఐసు, పచ్చిబియ్యం తినాలనిపిస్తుందని పేజీన్నర రాశాను. మంచి మార్కులు కూడా వచ్చాయి. అదే జబ్బు నా కళ్ల ముందు చాప మీద పడుకుంటే నాకు కనిపించలేదు. కనిపించకపోవడమే కాదు. మా చిన్నమ్మ కూతురి పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో వదిన ఏదని అడిగితే, "మా వదినకు రెండే పనులు. పండుకునుడు, బలపాలు తినుడు" అన్నాను. బంతిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎదురుగా విస్తరి ముందు కూర్చున్న వదిన కూడా నవ్వింది.

ఏమీ చేయలేదని కూడా అనను. ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ దగ్గరికి అన్న రెండు మూడుసార్లు తీసుకుపోయాడు. ఆయన నీరసం అని చెప్పి సెలైన్ ఎక్కించాడు. ఉప్పునీళ్లు, చక్కెరనీళ్లు. నెత్తురు తయారు కావడానికి వాటిలో ఏమీ లేదు. ఆ రోజు సాయంత్రం కొంచెం లేచి తిరిగేది, మర్నాటికి మామూలే. ఆశా కార్యకర్త ఇనుము మాత్రలు ఇచ్చింది. ఎర్రటి మాత్రలు. అవి వేసుకుంటే వదినకు కడుపులో మంట, వికారం. దొడ్డికి పోతే నల్లగా వస్తోందని భయపడింది. అది మామూలేనని ఒక్క మాట చెప్పేవాళ్లు లేరు. పైగా అమ్మ ఆ మాత్రను పొద్దున పూట ఛాయ్‌తో వేయించేది. ఛాయ్ కడుపులో ఉంటే ఇనుము ఒంటికి పట్టదు. అదే వంటింట్లో, అదే ఛాయ్ తాగుతూ నేను చూస్తూ ఉండేదాన్ని. బస్సు టైమైపోతోందని గ్లాసు కింద పెట్టి బయటపడేదాన్ని.

వీటికి తోడు ఇంకొకటి ఉండేది. పాప తర్వాత వదినకు మళ్లీ కడుపు రాలేదు. అమ్మకు రెండో మనవడో మనవరాలో కావాలని ఉండేది. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు చర్చి బయట నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఆ మాట వచ్చేది. అమ్మ దానికి జవాబు తయారుగా పెట్టుకునేది.

"పనిదొంగ ఒళ్లు. పండుకుని పండుకుని కొవ్వు పట్టింది. ఇంకెక్కడి పిల్లలు."

వదిన పాప చేయి పట్టుకుని పక్కనే నిలబడి ఉండేది.

పాపను అంగన్‌వాడీలో వేశాక వదిన మొయినాబాద్ దగ్గర గులాబీల పాలీహౌజ్‌లో పనికి కుదిరింది. ప్లాస్టిక్ పరదాల కింద పూలు కోసి, ముళ్లు గీరి, కట్టలు కట్టే పని. ఒక ఎండాకాలం పొద్దున, తొమ్మిది కూడా కాకముందు, నా ఫోన్ మోగింది. వదినతో పనిచేసే ఒక పెద్దావిడ.

"మీ వదిన కింద పడ్డదమ్మా. కండ్లు తెరుస్తున్నది గని లేస్తలేదు. ఆటోల ఏసుకొస్తున్నం, నువ్వు ల్యాబ్‌లనే ఉండు."

ఆటోలోంచి దింపేటప్పుడు ఆమె చేయి నా చేతిలోకి వచ్చింది. గోళ్లు చూశాను. నిగనిగలాడుతూ పొంగి ఉండాల్సిన గోళ్లు మధ్యలో గుంట పడి, చెంచాల్లాగా పైకి లేచి ఉన్నాయి. అలాంటి గోళ్ల బొమ్మ మా పుస్తకంలో ఉంది. ఆ గోళ్లున్న చేత్తోనే ఆమె రోజూ నా పళ్లెంలో రొట్టె వేసేది.

పడుకోబెట్టి నెత్తురు తీశాను. సూదిలోంచి ట్యూబులోకి వస్తున్న నెత్తురు పలుచగా, లేత రంగులో ఉంది. మెషీన్‌లో పెట్టాను. హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ ఒకటి అని వచ్చింది. ఆడవాళ్లకు కనీసం పన్నెండు ఉండాలి. మెషీన్ తప్పేమోనని మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. నా నెత్తురు నేనే తీసుకుని మెషీన్‌లో పెట్టి చూశాను. నాది పన్నెండున్నర. మెషీన్ బాగానే ఉంది.

మా రిపోర్టుల మీద సంతకం పెట్టే పెథాలజిస్టు డాక్టరమ్మ వారానికి మూడుసార్లు వస్తుంది. ఆ రోజు వచ్చింది. స్లైడు చేసి ఆమె ముందు పెట్టాను. మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నగా, ఇంత పాలిపోయిన కణాలు నెల రెండు నెలల్లో రావు. ఏళ్ల నుంచి నడుస్తోంది. ఎవరు పేషెంటు?"

"మా వదిన, మేడమ్."

ఆమె కళ్లు మైక్రోస్కోపు మీంచి తీసి నా వైపు చూసింది. "మీ ఇంట్లోనే ఉంటుందా?"

"ఉంటుంది."

ఆమె కుర్చీ చూపించి కూర్చోమంది.

"ఇనుము ఒంట్లో ఎలా తిరుగుతుందో చెప్పు. చదువుకున్నావు కదా."

చెప్పాను. ఎర్రకణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ఒక్కో కణం నిండా హిమోగ్లోబిన్ ఉంటుంది, దాని నడుమ ఇనుము ఉంటుంది. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును పట్టుకుని ఒళ్లంతా తిప్పేది ఆ ఇనుమే. కణం సుమారు నాలుగు నెలలు బతుకుతుంది. ముసలిదయ్యాక ప్లీహంలో విరిగిపోతుంది. దానిలోని ఇనుమును శరీరం పారేయదు. తీసి, మళ్లీ మూలుగకే పంపుతుంది. కొత్త కణానికి పాత ఇనుమే. అందుకే మనం రోజూ తినే తిండిలోంచి ఒంటికి కావాల్సింది చాలా కొంచెం. ఇనుము తక్కువైతే మూలుగ పని ఆపదు. పిండి తక్కువైన రోజు రొట్టెలు చిన్నగా, పలుచగా చేసినట్టు కణాల్ని చిన్నగా, పలుచగా చేసి పంపుతుంది.

"ఇనుమును బయటికి పంపే దారి ఏమన్నా ఉందా ఒంట్లో?"

"లేదు మేడమ్. చర్మం పొట్టుతో, పేగుల్లోంచి పోయేది లెక్కలోకే రాదు."

"అయితే మీ వదిన ఇనుము ఎటు పోయింది?"

ఇనుము పోయిందంటే నెత్తురు పోతున్నట్టే. ఎక్కడో కారుతున్నట్టే. బకెట్ ఖాళీ అవుతుంటే పైనుంచి నీళ్లు పోయడం గురించే అందరం మాట్లాడాం. మాత్రలు, సెలైన్లు, పాలకూర, బెల్లం. కింద చిల్లి ఉందేమో చూడాలని ఆర్‌ఎంపీకి తట్టలేదు, అమ్మకు తట్టలేదు, అన్నకు తట్టలేదు. తట్టాల్సింది నాకు.

"పోయి అడుగు" అంది డాక్టరమ్మ.

శాంపిల్ తీసే గదిలో పరదా వేసి వదిన పక్కన కూర్చున్నాను. "నెల నెలా ఎన్ని రోజులు అయితది వదినా?"

ఆమె తల అటు తిప్పుకుంది. "ఎందుకిప్పుడు?"

"చెప్పు."

"పన్నెండు రోజులు. ఒక్కోసారి పదిహేను. గడ్డలు గడ్డలుగ పడ్తది. పనికాడ రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకుంట. చీరెకు అంటుతదని ముదురు రంగులే కట్టుకుంట."

"ఎప్పటిసంది?"

"పాప పుట్టిన కాన్నుంచి."

ఐదేళ్లు. నా గొంతు పెరిగింది. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

వదిన నా వైపు తిరిగింది. "చెప్పిన. మొదటి ఏడే మీ అమ్మకు చెప్పిన. కాన్పయినంక అందరికి అట్లనే అయితది, నాకు గాలేదా అన్నది. నువ్వు టీవీ ముంగట రొట్టె తింటున్నవ్ అప్పుడు."

నాకు ఆ సాయంత్రం గుర్తు లేదు. ఆమెకు గుర్తుంది. మా ఇంట్లో ముట్టయితే పక్కన కూర్చోబెట్టే అలవాటు లేదు. అది మంచి విషయమని ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేదాన్ని. కాని దాని వల్ల ఎవరికి ఎన్ని రోజులైందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరూ అనుకోరు.

అదే రోజు మధ్యాహ్నం అన్నను పిలిపించి స్కానింగ్‌కు తీసుకుపోయాం. స్కానింగ్ చేసే డాక్టర్ తెర మీద చూస్తూ మామూలుగా అడిగాడు. "కాపర్-టీ ఉంది కదా. ఎప్పుడు పెట్టించుకున్నారు?"

వదినకు అర్థం కాలేదు. "ఏంది సార్?"

"లూపు. పిల్లలు కాకుండా లోపల పెడతారు కదా, అది."

"నేనేం పెట్టించుకోలే."

ఆయన తెరను నా వైపు తిప్పాడు. గర్భసంచి నడుమ తెల్లటి గీత. స్పష్టంగా ఉంది. వదిన పడుకున్నచోటి నుంచే తెరను, నన్ను మార్చి మార్చి చూసింది.

"నా కడుపులకు అది ఎట్లొచ్చింది?" అంది.

బయట బెంచీ మీద కూర్చున్న అన్నను అడిగాను. ఆయనకూ తెలియదు. మొహం చూస్తే అబద్ధం కాదని తెలుస్తోంది. ఇంటికి వెళ్లి బీరువా మీది ప్లాస్టిక్ కవరు దింపాను. పాప పుట్టినప్పటి కాగితాలు అందులోనే ఉన్నాయి. కాన్పు నగరంలోని ఒక ఆస్పత్రిలో జరిగింది. డిశ్చార్జి షీటు రెండో పేజీలో, బిడ్డ బరువుకూ మందుల పేర్లకూ మధ్య, ఆరు ఇంగ్లీషు అక్షరాలు. పీపీఐయూసీడీ. దాని పక్కన, పెట్టాము అని ఒక్క మాట. కాన్పయిన వెంటనే గర్భసంచిలో కాపర్-టీ పెట్టారని దాని అర్థం.

ఆ కాగితాన్ని ఆస్పత్రి నుంచి తెచ్చింది నేనే. పాప బర్త్ సర్టిఫికెట్ కోసం చేవెళ్లలో జిరాక్స్ తీయించింది నేనే. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగే మనిషిని నేనొక్కదాన్నే. పేరు సరిగ్గా రాశారా, తేదీ సరిగ్గా ఉందా అని చూశాను. మిగతాది చదవలేదు.

ఆ కాగితం పట్టుకుని మంచం అంచున కూర్చుంటే అన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"కాన్పు రోజు సంతకాలు పెట్టమన్నరు. ఆపరేషన్ అవసరం పడొచ్చు, నెత్తురు ఎక్కియ్యాల్సొస్తదేమో అన్నరు. ఏందేందో చూపిచ్చిండ్రు. పెట్టిన."

"చదివినవా?"

"లోపట మీ వదిన నొప్పులకు ఒర్లుతున్నది. ఏం చదువుతనే?"

అయినా నాకు కోపం తగ్గలేదు.

రెండు రోజుల తర్వాత సెలవు పెట్టి ఆ ఆస్పత్రికి పోయాను. ఇంచార్జి సిస్టర్ రికార్డు రూము నుంచి పాత ఫైలు తెప్పించడానికి పొద్దంతా పట్టింది. తెరిచి చూపించింది. కన్సెంట్ కాగితం. ఇంగ్లీషులో అచ్చువేసింది. కింద అన్న సంతకం, దాని పక్కన వంకరగా వదిన సంతకం. నొప్పుల మధ్య పెట్టింది కాబట్టి పేరులో సగమే ఉంది.

"సంతకాలున్నాయి కదమ్మా" అంది సిస్టర్.

"ఏం పెడుతున్నారో ఆమెకు చెప్పారా?"

"చెప్పే ఉంటారు."

"ఎవరు చెప్పారు?"

"ఐదేళ్ల కింద ఎవరు డ్యూటీలో ఉన్నారో నాకేం తెలుస్తుంది? అయినా అది మంచికే పెడతారు. వెంటవెంటనే కడుపు వస్తే తల్లికే కదా ప్రమాదం."

"మంచిదైతే చెప్పి పెట్టడానికి ఏం అడ్డం? నెత్తురు ఎక్కువ పోవచ్చు, పోతే రండి అని చెప్పడానికి ఏం అడ్డం? మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో ఎవరైనా చెప్పారా?"

ఆమె ఫైలు మూసింది. నా మీద కోపం లేదు ఆమెకు. అలసట ఉంది. బయట వరండాలో నిండు గర్భిణులు నేల మీద కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ల దగ్గరికి పోవాలి. నాకు అరవాలని ఉంది, అరవడానికి తగిన మనిషి అక్కడ లేరు. పనిలో మునిగిపోయిన ఒక సిస్టర్, ఒక అచ్చు కాగితం, రెండు సంతకాలు. నేను ఇంటికొచ్చి ఫిర్యాదు రాసి పంపాను. ఇంతవరకు జవాబు రాలేదు.

కాపర్-టీ చెడ్డదని నేను అనడం లేదు. మా ల్యాబ్‌కు వచ్చే ఎంతోమందికి అది ఏ ఇబ్బందీ లేకుండా ఉంది. వాళ్లకు అది ఉందని తెలుసు. ఇబ్బందైతే తీయించుకోవచ్చని తెలుసు. మా వదినకు తెలియదు. ఆమె ఒంట్లో ఉన్న వస్తువు గురించి ఒక ఫైలుకు తెలుసు, ఒక కాగితానికి తెలుసు, ఆమెకు తప్ప. పిల్లలు కావడం లేదని చర్చి బయట ఆమెను నిలబెట్టి మాటలన్న ఐదేళ్లూ అది లోపలే ఉంది.

ఈలోపు, స్కానింగ్ మర్నాడే, వదినను వేరే దవాఖానలో చేర్చాం. లేడీ డాక్టర్ రెండు నిమిషాల్లో కాపర్-టీ తీసేసింది. ఐదేళ్ల బాధకు రెండు నిమిషాలు. నెత్తురు రెండు సీసాలు ఎక్కించమంది. మొదటి సీసా ఎక్కుతున్నప్పుడు నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పట్టరాని కోపంతో మాట్లాడుతున్నాను. ఆస్పత్రిని అన్నాను, ఆర్‌ఎంపీని అన్నాను, అమ్మను అన్నాను, అన్నను అన్నాను. వదిన కళ్లు మూసుకుని వింటోంది. చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"పెండ్లిల నువ్వు కూడ అన్నవు" అంది.

నేను స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.

"మీ అమ్మ అంటే పెద్దామె, చదువు లేదు అనుకున్న. కాన్పు చేసిన దవాఖానోళ్లకు నేనెవరో ఎరుకలే. నువ్వు రోజు నెత్తురు చూసే పిల్లవు. నువ్వే పండుకునుడే నా పని అంటే, నాకు నిజంగనే ఏం రోగం లేదేమో, నేనే అట్లాంటిదాన్నేమో అనుకున్న. పొద్దున లేవబుద్ధి కాకపోతే నన్ను నేనే తిట్టుకున్న."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేను తప్పు చేశానని చెప్పాను. ఆమె సీసా వైపు చూస్తూ పడుకుంది. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఏదో మారింది. ఇప్పుడు మాట్లాడుకుంటాం, నవ్వుకుంటాం కూడా. కాని ఆమె నాకు ఏదైనా చెప్పే ముందు ఒక్క క్షణం నన్ను చూసి, అప్పుడు చెబుతుంది.

ఇంటికొచ్చిన రోజు అమ్మ మేక లివర్ తెప్పించి కార్జం కూర వండింది. వదిన పళ్లెంలో ముందుగా వేసింది. మా ఇంట్లో వదిన ఎప్పుడూ అందరి తర్వాతే తినేది కాబట్టి అది పెద్ద విషయమే. పళ్లెం ముందు కూర్చున్న వదిన ముద్ద కలపలేదు.

"అత్తమ్మా, కార్జం తర్వాత తింట. నాకొకటి కావాలె."

"ఏం కావాలె బిడ్డా?"

"చర్చి కాడ అందరి ముంగట నన్ను పనిదొంగ అన్నవు. ఇంట్ల ఎన్ని అన్నా నేనేం అనలే. అక్కడ అన్నది అక్కడనే తీసెయ్యి."

అన్న తలెత్తాడు. "ఇప్పుడెందుకే అవన్ని. అమ్మ వండిపెట్టింది కద."

"మీ అమ్మతోని మాట్లాడుతున్న" అంది వదిన. అన్నతో ఆమె అలా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. మరుసటి ఆదివారం చర్చిలో ఏమీ జరగలేదు. ఆ తర్వాతి వారం అమ్మ జ్వరమని ఇంట్లోనే ఉంది. జ్వరం లేదని నాకు తెలుసు. మూడో వారం కూడా నోరు విప్పలేదు. వదిన మళ్లీ అడగలేదు. వండుతోంది, వడ్డిస్తోంది, అమ్మతో మాత్రం అవసరమైన మాట తప్ప మాట్లాడటం లేదు. అమ్మ మీద నాకు కోపం ఎంత పెరిగిందంటే, ఒక పూట ఆమెతో కలిసి తినలేక పళ్లెం తీసుకుని బయటికి వెళ్లాను.

నాలుగో ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో అమ్మ లేచి నిలబడింది. ప్రభువు చేసిన మేలు చెప్పడానికి ఎవరైనా అలా నిలబడతారు. కోడలికి బాగైనందుకు స్తోత్రం చెబుతుందనుకున్నారు అందరూ. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, మొదలుపెట్టింది.

"నా కోడలు పనిదొంగ అని నేను మీ అందరితోని అన్న. అది పనిదొంగ కాదు. దాని ఒంట్ల నెత్తురు లేకుండె. నెత్తురు లేకుండనే పనికి పోయింది, నెత్తురు లేకుండనే నాకు వండిపెట్టింది. పోతున్నదని నాకు చెప్తే నేను ఇనలే. పిల్లలు గాకపోవుడు గూడ దాని తప్పు గాదు. నేను తప్పు మాట్లాడిన."

కూర్చుంది. పాస్టరు గారికి స్తోత్రం అనాలో వద్దో తెలియలేదు. ఆడవాళ్ల వరుసలో వదిన పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఏడవలేదు. పాప జడ విప్పి మళ్లీ గట్టిగా అల్లింది.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మకు, వదినకు ఇద్దరికీ ఒకేసారి వడ్డించాను.

ఒళ్లు తన పని తాను చేసుకుంది. దవాఖానలో ఉండగానే లేడీ డాక్టర్ ఇనుమును సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఎక్కించింది. వారం తిరగకముందే నేను నెత్తురు తీసి చూస్తే కొత్తగా పుట్టిన కణాలు స్లైడు మీద గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఇనుము దొరికీ దొరకగానే మూలుగ పని అందుకుంది. ఇన్నేళ్లు అది కూడా సామాను చాలక చిన్న చిన్న కణాలతోనే సరిపెట్టుకుంది. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ తొమ్మిది దాటింది, మూడు నెలలకు పన్నెండు. బలపాల డబ్బా ఎప్పుడు మాయమైందో గమనించనే లేదు. ఒకరోజు పాపకు రాసుకోవడానికి కావాలంటే ఇంట్లో ఒక్కటీ దొరకలేదు. అంకె బాగైనా మాత్రలు ఇంకొన్ని నెలలు ఆపొద్దంది లేడీ డాక్టర్. నెత్తురు నిండితే చాలదు, ఒంట్లో దాచుకునే నిల్వ కూడా నిండాలి. ఇప్పుడు వదిన మాత్రను ఛాయ్‌తో కాదు, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటుంది. నేను చెప్పాను. ఐదేళ్లు ఆలస్యంగా చెప్పాను.

వదిన మళ్లీ పాలీహౌజ్‌కు పోతోంది. కాపర్-టీ తీసేశారు కదా, ఇక రెండో బిడ్డ సంగతేమిటని అన్న మెల్లగా అడిగాడట. ఆ మాట వదినే నాకు చెప్పింది.

"నువ్వేమన్నవ్?" అని అడిగాను.

"నా ఒంట్లకు అన్ని నిండినంక నేనే చెప్త అన్న. అప్పటిదాక ఏం వాడాల్నో డాక్టరమ్మను అడిగి నేనే నిర్ణయం చేస్కుంట అన్న. మీ అన్న సరే అన్నడు. సరే అనక ఏం జేస్తడు."

ల్యాబ్‌లో నాకు ఓనర్‌తో గొడవైంది. హిమోగ్లోబిన్ తొమ్మిది కంటే తక్కువ వచ్చిన ప్రతి ఆడమనిషిని పరదా వెనక్కు పిలిచి, నెల నెలా ఎన్ని రోజులు, ఎంత, ఎప్పటి నుంచి అని అడుగుతున్నాను. ఎప్పుడైనా లూపు పెట్టారా, కాన్పప్పటి కాగితాలు ఉన్నాయా అని అడుగుతున్నాను.

"అది డాక్టర్ల పనమ్మా. మనం రిపోర్టు ఇచ్చేటోళ్లం. రేపు ఏమన్నా అయితే మన మీదికి వస్తది" అన్నాడు ఓనర్.

"డాక్టర్లు అడిగితే నేను అడగను సార్" అన్నాను.

ఆయన నన్ను పని మానేయమనలేదు. నేను అడగడం మానలేదు. మోకిలలో విల్లాల్లో పనిచేసే ఒకావిడ మొన్న వచ్చింది. ఆరు పాయింట్ ఎనిమిది. ఆమెను తీసుకొచ్చిన భర్త రిపోర్టు అందుకుని, "దీనికి తిండి మీద ధ్యాస లేదు మేడమ్, జర గట్టిగ చెప్పుండ్రి" అన్నాడు.

ఆయనను బయట కూర్చోమని చెప్పి, పరదా వేశాను.